ఆ ఏటి వాన గుడ్డ

మా బాపు మండల ఆఫీసులో అటెండరు. ఆఫీసు వెనక ముళ్ళతీగ కంచె లోపల వానను కొలిచే డబ్బా ఒకటి ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్ళను గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి. ఆఫీసులో ఎవరిదీ కాని పనులన్నీ అటెండరు మెడకే చుట్టుకుంటాయి కదా, ఇదీ అలాగే చుట్టుకుంది. మిగతా పనులు విసుక్కుంటూ చేసే బాపు దీన్ని మాత్రం స్నానం చేసి వెళ్ళి చేసేవాడు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఎత్తి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. సెలవుల్లో నేను వెంట వెళ్తే దూరంగా నిలబడమనేవాడు. నేను ఊపిరి వదిలితే నీళ్ళు కదులుతాయట.

ఇంటికి వచ్చాక అదే అంకెను తన డైరీలో కూడా రాసుకునేవాడు. ఎరువుల దుకాణం వాళ్ళు ఏటా పంచే డైరీలవి. అట్టమీద పచ్చని పొలం, లోపల తారీఖుకొక పేజీ. పేజీకి ఒకే ఒక్క అంకె. వాన పడని రోజున సున్నా.

"వాన పడకున్నా పోయి చూడాలె. చూడకుండ సున్నా రాస్తే అది సున్నా కాదు" అనేవాడు.

అమ్మకు ఈ మాటలు వింటే నవ్వు. "మీ బాపుకు వాన మీద ఉన్న ప్రేమ, పావురం జర మనమీద ఉంటే బాగుండు" అనేది నాతో, ఆయనకు వినబడేలా.

నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. ఆ అవమానానికి అలవాటు పడి బతుకుతుండగా, రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో వారం రోజుల శిక్షణకు పంపారు. అక్కడ డేటాతో బొమ్మలు చేయడం నేర్పారు. అంకెలను కూడా రంగులా, మట్టిలా వాడుకోవచ్చన్నారు. ఒకామె తనకు నిద్రపట్టని గంటలను నల్లపూసలుగా గుచ్చింది. ఒకతను తమ ఊరి బస్సు రోజుకు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చేదో రాసిపెట్టుకుని, అన్ని అంగుళాల కట్టెలు కోసి వరసగా నిలబెట్టాడు. వాటి ముందు నిలబడి ఉంటే నాకు బాపు డైరీలు గుర్తొచ్చాయి. ఇంట్లో రేకు పెట్టెలో పన్నెండు ఉన్నాయి. తిరుగు బస్సు ఆలేరు దాటేలోపు మొత్తం ప్రదర్శన నా తలలో తయారైపోయింది. నాకు ఆవేశం ఎక్కువ, ఆలోచన దాని వెనక నింపాదిగా వస్తుంది.

అనుకున్నది ఇది. రోజుకొక గుడ్డ పట్టీ, రెండు వేళ్ళ వెడల్పు. వాన పడని రోజుకు కోరగుడ్డ అలాగే తెల్లగా ఉంటుంది. తుంపర పడితే నీలం రంగు బకెట్లో ఒక మునక, మంచి వానకు మూడు, కుండపోతకు ఆరు. మృగశిర కార్తె నుంచి హస్త కార్తె దాకా ఆ పట్టీలను వరసగా కుడితే ఒక వానాకాలం ఒక పొడుగాటి గుడ్డ అవుతుంది. దాన్ని దూలం నుంచి నేల దాకా వేలాడదీయాలి. పక్కనే అదే ఏడు పక్క మండలంలో పడ్డ వాన గుడ్డ కూడా ఉండాలి. రెండు మండలాలకూ నడుమ ఒక్క వాగే అడ్డం, అయినా వాన అవతల పడి ఇవతల పడని రోజులు మా రైతులందరికీ తెలిసినవే. ఆ తేడా కంటికి కనబడాలని నా కోరిక. పక్క మండలం అంకెలు జిల్లా ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి జిరాక్సు తెచ్చుకున్నాను. ముందు జనగామలో పెట్టి, తర్వాత మహబూబాబాద్, భూపాలపల్లి తీసుకుపోదామనుకున్నాను.

"వానకు గుడ్డలు కుడుతున్నవంట గద టీచర్, ఎండకెప్పుడు కుడతవ్?" అని లెక్కల సారు వేళాకోళం చేశాడు. బాపు మాత్రం చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. రిటైరై ఇన్నేళ్ళయ్యాక ఆయన అంకెలు మళ్ళీ ఎవరికో పనికొచ్చాయి. దారిన పోయే ప్రతివాడినీ ఆపి, మా బిడ్డ నా వానను చూపెట్టబోతున్నది అని చెప్పేవాడు.

గుడ్డల కింద జనం జ్ఞాపకాలు కూడా రాసి పెడితే బాగుంటుందనిపించి, ఆదివారాలు పాలకుర్తి దాకా బస్సులోనూ, అక్కడి నుంచి ఆటోల్లోనూ తిరిగాను. మీకు బాగా గుర్తున్న వానాకాలం ఏదని అడిగేదాన్ని. అలా మా మండలంలోనే ఒక తండాకు వెళ్ళాను. ఒక ముసలాయన ఇంటిముందు కూర్చుని మంచానికి నులక బిగిస్తున్నాడు. లోపలున్న కోడలికి తమ భాషలో ఏదో చెప్పి నాకు పీట వేయించాడు. తర్వాత తెలుగులో మొదలుపెట్టాడు.

"వాన పడ్డ ఏండ్లు ఎవలకు యాదికుంటయ్ బిడ్డా. పడని ఏడు చెప్త రాసుకో. పుష్యాల కార్తెల ఆగింది. ఆశ్లేష మొత్తం ఒక్క చుక్క లేదు. పత్తి మోకాలెత్తు వచ్చి, నిలబడ్డది నిలబడ్డట్టే ఎండింది. బాయిలున్నోళ్ళు గట్టెక్కిన్రు. నాకు బాయి లేదు. కరువు మండలమని రాస్తరు, ఏదన్న ఆసరా ఉంటది అనుకున్న. రాయలే."

"ఎందుకు రాయలేదు తాతా?"

"నేనూ గదే అడుగ పోయిన. మీ మండలంల నాలుగుసార్ల వాన పడ్డది, కాయితంల ఉన్నది అన్నరు. నాకు మండింది. తెల్లారి మళ్ళ పోయిన, నా చేన్ల మట్టిగడ్డ రుమాల్ల కట్టుకొని. సారు టేబుల్ మీద పెట్టి, గిది తడిసిందా జర చూసి చెప్పున్రి అన్న. అందరు నవ్విన్రు. టేబుల్ ఖరాబైందని అటెండరును పిలిచిన్రు."

నా చేతిలో పెన్ను ఆగింది.

"గా అటెండరు గడ్డను రెండు చేతులతోటి పట్టుకొని బయటికి తీస్కపోయి, గోడ పక్కన మెల్లగ పెట్టిండు. ఇసిరి పారేయలే. మనిషి మంచోడే అనిపించింది. నువ్వన్న చెప్పు పటేలా, వాన పడ్డదా అని అడిగిన. తలకాయ ఎత్తకుండనే, గ్లాసు అబద్ధమాడదు పెద్దమనిషీ అన్నడు."

ఆ తర్వాత ఎడ్లను అమ్మేసి, పెళ్ళాం పిల్లలతో పుణే వైపు కట్టడం పనులకు పోయాడు. ఎనిమిదేళ్ళకు తిరిగి వచ్చేసరికి చేను తుమ్మలు మొలిచి ఉంది. పెళ్ళాం అక్కడే పోయింది. అప్పుడు చిన్నవాడైన కొడుకు ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాడు.

"వాడు నన్ను చేతకానోడంటడు బిడ్డా. మండలమంత వాన పడితే నీ చేనొక్కటే ఎట్ల ఎండింది, నువ్వు కల్లు దాగి పండుకుంటివి, ఎడ్లు పోయినయ్, అవ్వ పోయింది అంటడు. సాక్షం చెప్పేటోళ్ళు ఒక్కొక్కలే పోయిన్రు. వాన పడలే అని ఒక్క కాయితంల ఉంటే చాలు. వానికి చూపెట్టి పోత."

ఆ అటెండరు మా బాపని చెప్పడానికి నోరు రాలేదు. కానీ లోపల నాకొక ధైర్యం. అంకెలు మార్చింది పైవాళ్ళై ఉంటారు, రిజిస్టరులో ఏం మార్చినా బాపు సొంత డైరీలో నిజమైన సున్నాలే ఉంటాయి అనుకున్నాను. ఆ ఏటి డైరీ నేనింకా తెరవలేదు. అది అమ్మ పోయిన ఏడు. చివరకు చూద్దామని పక్కన పెట్టాను.

"ఆ ఏడు రాసిన డైరీ నా దగ్గర ఉంది తాతా. అందులో ఏముంటే అదే గుడ్డగా కుట్టిస్తా. నువ్వొచ్చి చూడు, నీ కొడుకును కూడా తోలుకరా" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చి ఆ డైరీ తెరిచాను. పుష్యమి కార్తె పేజీల్లో వాన ఉంది. ఆశ్లేషలోనూ ఉంది. నాలుగు వానలు, అందులో ఒకటి గట్టిది. నాకు నీరసం వచ్చింది. ముసలాయనే పొరబడ్డాడేమో, మనిషి జ్ఞాపకానికీ బాపు గ్లాసుకూ పోటీ పెడితే గ్లాసే గెలుస్తుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. అంకెల ప్రకారం పట్టీలు ముంచి, ఆరబెట్టి, కట్టలు కట్టి టైలరు దగ్గరికి పంపాను.

ఆమె స్టేషన్ రోడ్డులో జాకెట్లు కుట్టే మనిషి. నా మాటకు రెండు నెలలు కళ్ళు పోగొట్టుకుంటూ ఆ పట్టీలన్నీ కుట్టింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మంది. రెండు గుడ్డలను నేలమీద పక్కపక్కన పరిచి ఉంచింది.

"టీచరమ్మా, ఒక్కటే కట్టను రెండుసార్ల ఇచ్చినవా ఏంది? కిందిమీద ఏరే ఉన్నది గాని, గీ నడుమ ముక్క రెండింట్ల ఒక్కతీరు ఉన్నది. మళ్ళ విప్పాల్నంటే నాతోని కాదు."

వంగి చూశాను. ఎడమవైపు మా మండలం, కుడివైపు పక్క మండలం. పైనుంచి పుష్యమి దాకా రెంటికీ పొంతన లేదు. అక్కడి నుంచి తెలుపు, తెలుపు, లేత నీలం, తెలుపు, ముదురు నీలం, ఒకదాని పక్కన ఒకటి అచ్చు గుద్దినట్టు. ఇరవై రెండు పట్టీలు. ఆ తర్వాత మళ్ళీ దేని దారి దానిది. కట్టలు సరిచూశాను, జిరాక్సు సరిచూశాను, డైరీ సరిచూశాను. తప్పు నాది కాదు, టైలరుదీ కాదు.

ఆ ఇరవై రెండు రోజులు నాకు తెలుసు. అప్పుడు నేను పదో తరగతి. అమ్మను వరంగల్ పెద్ద దవాఖానలో చేర్చారు. నన్ను చిన్నమ్మ ఇంట్లో దింపి బాపు అక్కడే ఉండిపోయాడు, ఒక్క పూట కూడా కదల్లేదు. ఇరవై రెండో రోజు అమ్మను ఆటోలో తెచ్చారు. డైరీ మళ్ళీ చూస్తే మిగతా పేజీల్లో సిరా రోజుకో తీరుగా ఉంది, ఒకచోట పెన్సిలు, ఒకచోట ఆగి ఆగి రాసిన పెన్ను. ఆ ఇరవై రెండు పేజీలు మాత్రం ఒకే పెన్ను, ఒకే వరస. ఒకే విడతలో రాసినవి.

ఎలా జరిగిందో కూడా నాకు తెలుసు. పక్క మండలం అటెండరు పండగలప్పుడు డ్యూటీ ఎగ్గొట్టి మా ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. "అన్నా, నీకెంత పడ్డది చెప్పు, నాది గూడ గంతే రాసుకుంట, నడుమ ఒక్క వాగే గద" అనేవాడు. చాలా ఆఫీసుల్లో అది మామూలే. బాపు అతణ్ణి తిట్టి పెట్టేసేవాడు. ఆ ఒక్కసారి ఫోన్ చేసింది బాపు అయి ఉంటాడు. పెళ్ళాం పోయిన మనిషి, దినాలు కూడా కాకముందే మర్నాడు పొద్దున ఆఫీసుకు వచ్చి చూస్తే రిజిస్టరులో ఇరవై రెండు గళ్ళు ఖాళీ. ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే అది అటెండరు పని.

నాకు కోపం వచ్చింది. బాపు మీద కాదు, ముందు ఆ ఆఫీసు మీద, తర్వాత ఆ టైలరు చురుకు కళ్ళ మీద, ఆ తర్వాత నా మీద. ఎవరు చెప్పారు నన్ను రెండేసి గుడ్డలు పక్కపక్కన కట్టమని?

బాపును నేరుగా అడగలేకపోయాను. చిక్కుడుకాయలు తుంచుతూ, "అమ్మ దవాఖానల ఉన్నప్పుడు గ్లాసు ఎవలు చూసిన్రు బాపు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆయన చేతిలో కాయ తుంచకుండా ఆగింది. "చూసేటోళ్ళు ఉండె" అన్నాడు. తర్వాత ఇంకో కాయ తీసుకున్నాడు.

ప్రదర్శనకు వారం ఉంది. ఎటు తిరిగినా గోడే. ఆ జంటను కడితే బాపు దొంగలెక్క దూలం మీదినుంచి వేలాడుతుంది, చూడడానికి ఆయన పాత ఆఫీసు వాళ్ళందరూ వస్తున్నారు, ఆయనే స్వయంగా పిలిచాడు. మాది ఒక్కటే కట్టి పక్కది తీసేస్తే ముసలాయన వచ్చి ఆశ్లేషలో నీలం పట్టీలు చూస్తాడు, కాయితం రెండోసారి అతణ్ణి అబద్ధీకుణ్ణి చేస్తుంది. ఇరవై రెండు పట్టీలు విప్పి తెల్లవి కుట్టిద్దామా అనుకున్నాను. అప్పుడు నేను కూడా చూడకుండా సున్నాలు రాసినదాన్ని అవుతాను. చివరకు పిరికివాళ్ళు చేసే పనే చేశాను. ఆ ఏటి రెండు గుడ్డలనూ మడిచి సంచిలో పెట్టి, మిగతా పదకొండు జంటల కొక్కేలను కాస్త ఎడంగా జరిపాను. ఖాళీ కనబడలేదు.

మూతబడ్డ రైసుమిల్లు గోదాములో పెట్టాం. రోహిణి కార్తె ఎండకు పైన రేకులు పేలుతున్నాయి. రిబ్బను మా హెడ్‌మాస్టరు కత్తిరించాడు. జనం బాగానే వచ్చారు, ఎక్కువమంది ఫోటోలు దిగడానికి. బాపు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి మొదటి గుడ్డ దగ్గర నిలబడ్డాడు. చూపు మందగించింది కాబట్టి చేత్తో తడిమి చూస్తున్నాడు.

"గిది నీకు ఆటలమ్మ పోసిన ఏడు. చూడు, మఖల ఎట్ల కొట్టిందో. గిది వాగుల బర్లు కొట్టుకపోయిన ఏడు." పక్కనున్న పాత ఆఫీసు మిత్రుడికి తన పెళ్ళి ఆల్బం చూపినట్టు చూపిస్తున్నాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి ఒక జంట నడిచాడు, మళ్ళీ ముందుకు వచ్చాడు.

"మీ అమ్మ పోయిన ఏడు ఏది?"

"రంగు సరిగ ఎక్కలే బాపు. తీసేసిన."

నా ముఖంలోకి చూశాడు. వెళ్ళి గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత మిగతా గుడ్డల దగ్గరికి పోలేదు.

మిట్టమధ్యాహ్నం తండా ముసలాయన వచ్చాడు. తలపాగా తడిసి ముద్దయింది. రెండు ఆటోలు, ఒక బస్సు మారి వచ్చాడట. కొడుకు రానన్నాడట. గుడ్డలను ఒక్కొక్కటే కిందినుంచి పైకి చూశాడు. తెలుపు ఎక్కువ ఉన్న ప్రతి గుడ్డ దగ్గరా ఆగి, "గిదేనా బిడ్డా?" అని అడిగాడు. కాదన్నాను. పదకొండూ అయ్యాయి.

"మరి నా ఏడు ఏది?"

సంచి టేబుల్ కింద నా కాళ్ళకు తగులుతూ ఉంది. "గా డైరీ దొరకలే తాతా" అన్నాను.

"ఉన్నదంటివి గద."

"ఉన్నదనుకున్న. ఎక్కడనో పోయింది."

గంటలోపు రెండు అబద్ధాలు, ఇద్దరు ముసలివాళ్ళకు. రెండోది మూడు అడుగుల దూరంలో కూర్చున్న బాపుకు వినబడింది. ముసలాయన తల ఊపాడు, అలాంటి జవాబులు ఆఫీసుల్లో ఎన్ని విని ఉన్నాడో. కాళ్ళు పీకుతున్నాయని బాపు పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. నేను చాయ్ తెప్పించాను.

ఇద్దరికీ చూపు ఆనదు. ముసలాయన బాపును గుర్తుపట్టలేదు. చాయ్ తాగుతూ, పక్కన ఎవరున్నా చెప్పుకునే అలవాటుతో, అంతా మొదటినుంచి చెప్పాడు. పుష్యాల, ఆశ్లేష, మట్టిగడ్డ, రుమాలు, నవ్విన సార్లు, గోడ పక్కన గడ్డను పెట్టిన అటెండరు. బాపు గ్లాసును రెండు చేతులా పట్టుకుని వింటున్నాడు. అందులో చాయ్ చల్లారిపోయింది.

"నువ్వే చెప్పు సారూ. గా ఏడు వాన పడ్డదా?"

"పడలే అన్నా" అన్నాడు బాపు. "మన దిక్కు ఒక్క చుక్క పడలే. ఎండిన చేన్లు నేను గూడ చూసిన."

ఇన్నేళ్ళలో ఆ ఆఫీసు మనిషి నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. కానీ అది ఆఫీసు మనిషి మాటని ముసలాయనకు తెలియదు.

"నువ్వంటే ఏం లాభం సారూ" అన్నాడు నవ్వి, "కాయితంల ఉండాలె గని."

బాపు నావైపు చూశాడు. నేను వంగి ఆ సంచి తీస్తే సరిపోయేది. మూడు అడుగులు. ఎవరో ఫోటో తీయమని పిలిచారు, నేను వెళ్ళాను.

సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు ముసలాయన నా తలమీద చెయ్యి పెట్టాడు. "డైరీ దొరికితే చెప్పు బిడ్డా. నేను లేకుంటే మా కొడుకుకన్న చెప్పు." చెప్తానన్నాను. నా బడి పేరు అడిగి, రెండుసార్లు నోట్లో అనుకుని గుర్తుపెట్టుకున్నాడు.

ఇంటికి వస్తుంటే ఆటోలో బాపు అన్నాడు, "నాకోసం దాసినవు గదా. దాయకు. పోయి చెప్పు. నా పేరు పెట్టే చెప్పు." నేను తల ఊపాను. ఆయన ఒప్పుకున్నాక ఇక నాకు అడ్డం ఏమీ లేదు. అయినా పోలేదు. పోతే డైరీ పోలేదని చెప్పాలి, దొరకలేదన్నది నేనేనని చెప్పాలి. బాపు తప్పు చెప్పడం కంటే నా తప్పు చెప్పడం కష్టమైపోయింది. ప్రతి ఆదివారం ఒక పని దొరికేది. మహబూబాబాద్‌లో ఒక కాలేజీ హాల్లో పెట్టాం, తొర్రూరు వైపునుంచి కూడా పిల్లలు వచ్చారు. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల కాలనీలో పెట్టినప్పుడు, భూమి లోపల పనిచేసే మనిషి ఒకాయన ఆ నీలం ముందు చాలాసేపు నిలబడ్డాడు, షిఫ్టు నుంచి పైకి వచ్చాకే వాన పడిందని తెలిసే బతుకు మాది అన్నాడు. బాగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. పదకొండేళ్ళే ఎందుకున్నాయని ఎవరూ అడగలేదు. బాపు మాత్రం ప్రతి ఆదివారం పొద్దున, "పోయినవా?" అని అడిగేవాడు. వచ్చేవారం అనేదాన్ని.

మొన్న కార్తీకంలో బడి గేటు దగ్గర ఒకతను నాకోసం నిలబడి ఉన్నాడు. బట్టతల, చేతిలో మోటారు సైకిలు తాళం. తండా నుంచి వచ్చానన్నాడు.

"మా బాపు పోయిండు టీచర్, నెలైంది. పోయేముందు, జనగామల టీచర్ దగ్గర మన కాయితం ఉన్నది, పోయి అడుగు అన్నడు. ఏంది గది? భూమి కాయితమా?"

అతణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. డైరీ తీశాను, సంచిలోంచి రెండు గుడ్డలు తీసి నేలమీద పరిచాను. ఆ పట్టీలు చూపించి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చెబుతుంటే, అతనికి విసుగు పుట్టింది. వానదా అన్నాడు, భూమిది కాదా అన్నాడు. అప్పుడు బాపు లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"గా అటెండర్ను నేనే నాయినా. గా ఏడు వాన పడలే. చూడకుండ రాసిన. మీ బాపు తప్పు ఏం లేకుండె."

అతను గుడ్డలను మళ్ళీ చూశాడు, ఈసారి వంగి. వేలితో ఒక్కో తెల్ల పట్టీ ముట్టుకుంటూ పోయాడు, నీలం దగ్గర ఆగాడు. తల ఎత్తాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"చేతకానోడివి అని నేను ఆయనను అనని రోజు లేదు సారూ. పొయ్యే పొద్దు గూడ అన్న. గీ మాట ఇప్పుడు నేను పోయి ఎవలకు చెప్పాలె?"

ఆ మాట మోసుకుపోవడానికి అయిదు నెలల ఆదివారాలు నా చేతిలో ఉండినవి. గుడ్డ తీసుకుపొమ్మన్నాను. అతను దాన్ని జాగ్రత్తగా, పట్టీకి పట్టీ కలిసేలా మడిచాడు. మడిచి, మా కుర్చీలోనే పెట్టి వెళ్ళిపోయాడు.